పట్టూ విడుపూ తెలిసినవాడు: బీటిల్స్ వెనుక జార్జ్ మార్టిన్

2016 మార్చి 8న జార్జ్ మార్టిన్ తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సంతాప వార్తల్లో ఎక్కడ చూసినా 'ఐదో బీటిల్' అన్న మాటే. ప్రేమతో పెట్టిన పేరే అది, కాదనలేం. అయితే ఆయన చేసిన పని మాత్రం ఆ పేరులో కనిపించదు. బీటిల్స్ అంటే 1960ల బ్రిటిష్ రాక్ బృందం: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. మార్టిన్ వాళ్లలో ఒకడు కాడు, వాళ్ల రికార్డుల ప్రొడ్యూసర్. ఆ నలుగురికంటే పద్నాలుగు నుంచి పదిహేడేళ్లు పెద్ద. స్టూడియోకి టై కట్టుకుని వచ్చేవాడు. వాళ్లు పుట్టి పెరిగిన లివర్‌పూల్ రాక్ అండ్ రోల్ ఆయన వింటూ పెరిగిన సంగీతం కాదు. ఆ పాటలకు ఆయన వల్ల అంత మేలు జరగడానికి కారణం కూడా ఆ దూరమే. కుర్రాళ్లు తమకు కావలసింది వచ్చీరాని మాటల్లో చెబితే, దాన్ని వాద్యకారులు చదవగలిగే నొటేషన్‌గా, ఇంజినీర్లు చేయగలిగే పనిగా మార్చి ఇచ్చాడు. వాళ్లు తనను దాటి ముందుకు పోతున్నప్పుడు అడ్డు నిలబడలేదు. ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో తెలిసిన మనిషి అని ఆయన గురించి అనడం ఇందుకే.

రికార్డు ప్రొడ్యూసర్ అంటే సినిమా ప్రొడ్యూసర్‌లా డబ్బు పెట్టేవాడు కాదు. ఏ పాట రికార్డు చేయాలి, ఎంత వేగంలో పాడాలి, ఏ వాయిద్యం ఎక్కడ రావాలి, ఎన్నో టేక్ ఓకే చేయాలి, చివరికి ఏ శబ్దం ఎంత వినిపించాలి అన్నవన్నీ చూసుకునేవాడు. మన సినిమా పాటకైతే ఈ పనిని సంగీత దర్శకుడు, ఆయన పక్కన కూర్చుని నొటేషన్ రాసే సహాయకుడు, రికార్డింగ్ ఇంజినీరు పంచుకుంటారు. బీటిల్స్ దగ్గర బాణీ, మాట రెండూ వాళ్లవే. ఆ బాణీ రికార్డుగా మారే దారంతా మార్టిన్ చేతిలో ఉండేది, కనీసం మొదట్లో.

ఆయన మాటతీరు చూసి లివర్‌పూల్ కుర్రాళ్లు ఎవరో పెద్దింటి మనిషి అనుకున్నారు. నిజానికి మార్టిన్ ఉత్తర లండన్‌లో ఒక వడ్రంగి కొడుకు. చిన్నప్పుడు పియానో విని వాయించడమే తప్ప పద్ధతిగా నేర్చుకున్నది తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ వైమానిక విభాగంలో పనిచేసి, తిరిగొచ్చాక గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో చేరాడు. అక్కడ పియానో, స్వర రచన చదివాడు, ఓబో అనే ఊదే వాయిద్యం నేర్చుకున్నాడు. ఆ మర్యాదస్తుల యాస కూడా సంగీతం లాగే నేర్చుకుని సంపాదించుకున్నదే. 1950లో ఇ.ఎం.ఐ. కంపెనీలో పార్లోఫోన్ అనే లేబుల్‌కు సహాయకుడిగా చేరి, 1955లో ఇరవై తొమ్మిదేళ్లకే దానికి అధిపతి అయ్యాడు. మన ఇళ్లలో పాత గ్రామఫోన్ రికార్డుల మీద కుక్క బొమ్మతో కనిపించే హెచ్.ఎం.వి. కూడా ఆ కంపెనీదే. హెచ్.ఎం.వి., కొలంబియా పెద్ద బిడ్డలైతే పార్లోఫోన్ ఎవరూ పట్టించుకోని చిన్న బిడ్డ. పేరున్న గాయకులు అటు పోయేవారు, మిగిలినవి ఇటు వచ్చేవి.

ఆ మిగిలిన వాటిలో హాస్య రికార్డులు ఉన్నాయి. బీటిల్స్ కథ చెప్పేవాళ్లు ఈ భాగాన్ని రెండు మాటల్లో దాటేస్తుంటారు గానీ, ఇక్కడ కాసేపు ఆగాలి. పీటర్ సెల్లర్స్, స్పైక్ మిలిగన్ లాంటి హాస్యనటులతో మార్టిన్ ఏళ్ల తరబడి రికార్డులు చేశాడు. హాస్య రికార్డులో వేదిక ఉండదు, ముఖం కనిపించదు. గది, వీధి, జనం, కంగారు అన్నీ శబ్దంతోనే పుట్టాలి. అందుకోసం టేపు వేగం మార్చడం, ముక్కలు కోసి అతకడం, లేని చోటును ఉన్నట్టు వినిపించడం ఆయనకు చేతికి అలవాటైన పనులయ్యాయి. 1962లో బి.బి.సి.లో కొత్త శబ్దాలు తయారుచేసే విభాగమైన రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కు చెందిన మదలీనా ఫాగండీనితో కలిసి, 'రే కాథోడ్' అనే కల్పిత పేరుతో ఒక ఎలక్ట్రానిక్ రికార్డు కూడా వేశాడు. అప్పటికింకా ఆయన బీటిల్స్‌తో రికార్డింగ్ మొదలుపెట్టలేదు. నాలుగేళ్ల తరువాత లెనన్ వింత వింత కోరికలతో వచ్చినప్పుడు మార్టిన్ బెదరకపోవడానికి కారణం గిల్డ్‌హాల్ చదువు ఒక్కటే కాదు, ఈ హాస్య రికార్డులు కూడా. పైగా లెనన్, హారిసన్ చిన్నప్పటి నుంచి సెల్లర్స్, మిలిగన్‌ల రేడియో కార్యక్రమానికి వీరాభిమానులు. తమ అభిమాన నటులతో పనిచేసిన మనిషి అంటే వాళ్లకు గౌరవం ఉండేది.

1962 జనవరి 1న డెక్కా కంపెనీ బీటిల్స్ పాటలు విని, తరువాత వద్దంది. మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ టేపులు పట్టుకుని తిరిగి తిరిగి మార్టిన్ దగ్గరికి చేరాడు. జూన్ 6న అబీ రోడ్ స్టూడియోలో మొదటి రికార్డింగ్. ఆ రోజు పాటలు మార్టిన్‌కు గొప్పగా అనిపించలేదు. లోపాలన్నీ ఏకరువు పెట్టి, మీకు నచ్చనిది ఏదైనా ఉంటే చెప్పండి అన్నాడట. హారిసన్ ఆయన వైపు చూసి, ముందుగా మీ టై నచ్చలేదన్నాడు. ఆ మాటకు కోపం తెచ్చుకునే అధికారి అయితే కథ అక్కడే ముగిసేది. మార్టిన్‌కు వాళ్ల పాటలకన్నా ముందు వాళ్ల చలాకీతనం నచ్చింది.

అప్పటి బ్రిటన్‌లో బృందం అంటే ముందు ఒక గాయకుడు, వెనక నలుగురు వాయించేవాళ్లు. మార్టిన్ కూడా మొదట ఆ చూపుతోనే చూశాడు: వీళ్లలో ముందు నిలబెట్టాల్సింది లెనన్‌నా, మెకార్ట్నీనా? ఆలోచించి, ఎవరినీ విడదీయకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచాలని నిర్ణయించుకున్నాడు. ఆయన బీటిల్స్‌కు చేసిన అతి పెద్ద సాయం ఇదేనని చెప్పవచ్చు. ఏ పాటలోనూ వినిపించని సాయం కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. లెనన్‌నో మెకార్ట్నీనో నాయకుడిగా నిలబెట్టి ఉంటే, ఇద్దరూ పోటీపడి పాటలు కట్టడం, ఒకరి పాటకు మరొకరు గొంతు కలపడం ఇవేవీ ఉండేవి కావు.

రెండో విడుపు సెప్టెంబర్‌లో జరిగింది. వృత్తి రచయిత ఒకరు కట్టిన పాట ఒకటి మార్టిన్ తెచ్చి ఇచ్చాడు, ఇది తప్పకుండా ఆడుతుందన్నాడు. కుర్రాళ్లు మొక్కుబడిగా రికార్డు చేసి, మా పాటలే వేయండి అని పట్టుబట్టారు. మార్టిన్ అంచనా తప్పు కాదు. మరుసటి ఏడు అదే పాట లివర్‌పూల్‌కే చెందిన వేరే బృందం పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అంటే తన లెక్క సరైనదని తెలిసీ ఆయన తగ్గాడు. బదులుగా వాళ్ల 'లవ్ మీ డూ' అక్టోబర్ 5న విడుదలై పదిహేడో స్థానం దాకా పోయింది.

అలాగని అన్నిటికీ తల ఊపలేదు. 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాటను లెనన్ మొదట విలంబంగా, సాగదీసి పాడే ధోరణిలో కట్టాడు. వేగం పెంచమని మార్టిన్ చెప్పాడు. నవంబర్ 26న వాళ్లు కొత్త వేగంతో పాడి ముగించగానే, పై గదిలోంచి మైకులో, మీ మొదటి నంబర్ వన్ ఇదే అని ప్రకటించాడు. అప్పటి చాలా అమ్మకాల పట్టికల్లో అన్నట్టే అయింది. డ్రమ్స్ విషయంలో మాత్రం ఆయన పట్టు ఒకరిని నొప్పించింది. కొత్తగా చేరిన రింగో స్టార్ వాద్యం మీద నమ్మకం కుదరక, సెప్టెంబర్ 11న మరో డ్రమ్మర్‌ను పిలిపించాడు. రింగో చేతికి మరకాస్, టాంబరిన్ ఇచ్చి నిలబెట్టారు. ఆ బాధ రింగో మనసులో చాలా ఏళ్లు ఉండిపోయింది.

1963, 64 సంవత్సరాల్లో మార్టిన్ పని ఎక్కువగా వడపోతే. పల్లవి ముందు పెట్టమనడం, పాట చివర ఎక్కడ ఆపాలో చెప్పడం, రెండు మూడు టేకుల్లో మంచిది ఎంచడం. మొదటి ఎల్పీలోని పద్నాలుగు పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేయించాడు. లెనన్‌కు ఆ రోజు జలుబు, గొంతు బాగాలేదు. గొంతు చించుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను ముందు పెడితే మిగతా పాటలు పోతాయని, దాన్ని రాత్రి చివరికి ఉంచారు. ఇప్పటికీ ఆ రికార్డులో వినిపించే గొంతు జీర ఆ వరుస క్రమం వల్ల వచ్చిందే.

ఇక అసలు మలుపు 1965లో. జూన్‌లో మెకార్ట్నీ 'యెస్టర్‌డే'ని ఒక్క గిటార్‌తో పాడాడు. మిగతా ముగ్గురికీ అందులో చేయడానికి ఏమీ కనిపించలేదు. తీగ వాయిద్యాలు పెడదామని మార్టిన్ అన్నాడు. మెకార్ట్నీకి అది నచ్చలేదు. అప్పటి పాప్ రికార్డుల్లో తీగ వాయిద్యాలంటే పంచదార పాకంలా కారే పెద్ద ఆర్కెస్ట్రా. అప్పుడు మార్టిన్, నలుగురే చాలు అన్నాడు: రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. అంటే రాక్ గాయకుడి గొంతు వెనక, కొద్దిమందే కూర్చుని వాయించే చాంబర్ సంగీతం. వాద్యకారులు తమ అలవాటు ప్రకారం స్వరాన్ని వణికిస్తూ వాయిస్తుంటే ఆ వణుకు తగ్గించమని మెకార్ట్నీ పట్టుబట్టాడు. నొటేషన్ రాసేటప్పుడు కూడా అతను పక్కనే కూర్చున్నాడు. మధ్యలో చెల్లో ఒక చోట శాస్త్రీయ పద్ధతికి అందని, బ్లూస్ వాసన వేసే స్వరం పలుకుతుంది. అది మెకార్ట్నీ చెప్పినదే. నొటేషన్ చదవడం రాని కుర్రాడి మాటను గిల్డ్‌హాల్‌లో చదివిన మనిషి కాగితం మీద పెట్టాడు. పాఠ్యపుస్తకం ఒప్పుకోదని కొట్టేయలేదు. పాట మొత్తం మీద వినిపించే నిగ్రహం ఇద్దరిదీ. ఎవరి వాటా ఎంత అని విడదీయబోతే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

అదే ఏడాది 'ఇన్ మై లైఫ్' మధ్యలో వచ్చే పియానో బిట్ మార్టిన్ స్వయంగా వాయించాడు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల సంగీతపు ఛాయలో ఒక బిట్ కట్టాడు గానీ, పాట వేగంలో దాన్ని అంత చకచకా వాయించడం వేళ్లకు అందలేదు. టేపును సగం వేగంతో తిప్పుతూ, ఒక స్థాయి కింద, నింపాదిగా వాయించి రికార్డు చేశాడు. మామూలు వేగంతో తిప్పితే అది రెట్టింపు వేగంతో, పై స్థాయిలో, పియానోకు పూర్వపు వాయిద్యమైన హార్ప్సికార్డ్ లాంటి గలగలతో పలికింది. టేపు నెమ్మదిస్తే వేగంతో పాటు శృతి కూడా దిగుతుంది, వేగం పెంచితే రెండూ పెరుగుతాయి. ఈ చిన్న సూత్రం గుర్తుంచుకుంటే ఏడాది తరువాత జరిగింది బాగా అర్థమవుతుంది.

1966 ఏప్రిల్‌లో 'ఎలినార్ రిగ్బీ'కి నలుగురు కాస్తా ఎనిమిది మంది అయ్యారు. సినిమా సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ధోరణి మార్టిన్ మనసులో ఉంది. సాగే స్వరాలు వద్దని, కత్తితో తరిగినట్టు తెంపులు తెంపులుగా రాశాడు. ఇరవయ్యేళ్ల ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ మైకుల్ని తీగలకు దాదాపు ఆనేంత దగ్గరగా పెట్టాడు. విల్లు తీగను గీకే గరుకుదనమంతా రికార్డులోకి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: మార్టిన్‌ను పొగిడే ఉత్సాహంలో ఎమెరిక్, అంతకుముందు పనిచేసిన నార్మన్ స్మిత్, ఒకే గొంతును రెండు గొంతుల్లా వినిపించే యంత్ర పద్ధతి కనిపెట్టిన కెన్ టౌన్సెండ్ లాంటివాళ్లను మరిచిపోతుంటారు. బీటిల్స్ రికార్డుల్లో చెవిని పట్టేసే శబ్దాల్లో చాలావాటి వెనక ఈ ఇంజినీర్ల చేతులున్నాయి. మార్టిన్ గొప్పతనమల్లా, కంపెనీ నిబంధనలు ఒప్పుకోని ప్రయోగాలు ఆ కుర్ర ఇంజినీర్లు చేస్తుంటే వాళ్లకు అండగా నిలబడటం.

'టుమారో నెవర్ నోస్' కోసం లెనన్ అడిగింది, కొండ శిఖరం మీద నుంచి దలైలామా మంత్రాలు చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని. పాట మొత్తానికీ తంబూరా నాదం లాంటి ఒకే ఆధారం. పాశ్చాత్య పద్ధతిలో పెరిగిన సంగీతజ్ఞుడికి ఇది పాటే కాదనిపించవచ్చు. మార్టిన్ అలా అనలేదు. ఆర్గన్‌కు వాడే తిరిగే స్పీకర్‌లోంచి లెనన్ గొంతును పంపారు. మెకార్ట్నీ ఇంటి దగ్గర చేసి తెచ్చిన టేపు చుట్లను స్టూడియో భవనంలోని యంత్రాలన్నిటి మీదా ఎక్కించారు. టేపు బిగువు సడలకుండా సిబ్బంది పెన్సిళ్లతో పట్టుకుని నిలబడితే, ఆ శబ్దాలను మీటల మీద ఎక్కించి దించుతూ మిక్స్ చేశారు.

ఆ ఏడాది నవంబర్‌లో 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదలైంది. ఒక రూపం నెమ్మదిగా, మెత్తగా వచ్చింది. వారం గడిచాక లెనన్ మళ్లీ వచ్చి, ఇంకా బరువుగా కావాలన్నాడు. మార్టిన్ నాలుగు ట్రంపెట్లకు, మూడు చెల్లోలకు నొటేషన్ రాశాడు. హారిసన్ స్వరమండల్ మీటాడు. రెండో రూపం వేగంగా, పై శృతిలో తయారైంది. అన్నీ విన్నాక లెనన్, మొదటిదాని ఆరంభం బాగుంది, రెండోదాని చివర బాగుంది, రెండూ కలిపెయ్యండి అన్నాడు. శృతి వేరు, వేగం వేరు, ఎలా కలుస్తాయని మార్టిన్ అడిగితే, మీరు చేయగలరు అని చెప్పి వెళ్లిపోయాడు. మార్టిన్, ఎమెరిక్ కూర్చుని చూస్తే, వేగంగా ఉన్న రూపమే పై శృతిలోనూ ఉంది. ఒకదాన్ని కాస్త నెమ్మదింపజేసి, మరొకదాన్ని కాస్త పెంచితే శృతి, వేగం రెండూ దాదాపు ఒకచోటికి వస్తాయి. ఇది అదృష్టమే, సందేహం లేదు. అయితే ఆ అదృష్టాన్ని కనిపెట్టడానికి ఒక చెవి కావాలి. డిసెంబర్ 22న ఆ కోత, ఆ అతుకు పూర్తయ్యాయి. పాట మొదలైన సుమారు ఒక నిమిషం దగ్గర చెవి పెట్టి వింటే అతుకు దొరుకుతుంది. లెనన్ గొంతు ఒక్కసారిగా చిక్కబడుతుంది, చెల్లోలు కిందినుంచి కమ్ముకుంటాయి. ఒకసారి కనిపెట్టాక ప్రతిసారీ వినిపిస్తుంది, అయినా పాట అందం తగ్గదు. ఆ గొంతులోని మత్తు లాంటి మందగింపు ఆ టేపు నెమ్మదించడం వల్ల వచ్చిందే.

ఆ పాటనూ 'పెన్నీ లేన్'నూ 1967 ఫిబ్రవరిలో ఒకే రికార్డుకు రెండు వైపులా వేసి, తరువాత వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' ఎల్పీలో చేర్చకుండా వదిలేశారు. అది తన వృత్తి జీవితంలో అతి పెద్ద పొరపాటని మార్టిన్ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆయన బాధ సబబే. ఆ రెండు పాటలూ చేరి ఉంటే ఆ ఎల్పీలో బలహీనమైన చోట్లు రెండు మూడు మాయమయ్యేవి.

'ఎ డే ఇన్ ద లైఫ్'లో ఇరవై నాలుగు బార్ల (మన తాళపు ఆవర్తాల లాంటివి) ఖాళీ వదిలారు. దాన్ని శూన్యంలోంచి ఉప్పెనలా లేచే శబ్దంతో నింపాలని వాళ్ల కోరిక. మెకార్ట్నీకి తోచినది, ఒక ఆర్కెస్ట్రాను పిలిచి ఎవరికి తోచినట్టు వాళ్లను వాయించమనడం. శాస్త్రీయ వాద్యకారులకు అలా చెబితే ఏం వాయించాలో తెలియక నిలబడిపోతారని మార్టిన్‌కు తెలుసు. అందుకని నలభై మందికీ కాగితం మీద ఒక దారి గీసి ఇచ్చాడు: మీ వాయిద్యంలో అతి కింది స్వరంతో మొదలుపెట్టండి, చివరి బార్‌కు ఇ మేజర్ అనే స్వరమేళంలో మీకు అందే అతి పై స్వరానికి చేరండి, మధ్యలో పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినకండి. కలిసి వాయించడమే జీవితంగా పెట్టుకున్నవాళ్లకు విడివిడిగా వాయించమని చెప్పడం! ఫిబ్రవరి 10న ఆ నలభై మందిని ఒకదాని మీద ఒకటిగా నాలుగుసార్లు రికార్డు చేశారు. ఊహ మెకార్ట్నీది, ఆ ఊహ నలభై జతల చేతుల్లోకి దిగిన దారి మార్టిన్‌ది.

మన చెవికి దగ్గరైన ఉదాహరణ అదే ఎల్పీలో ఉంది. 'విదిన్ యు వితౌట్ యు' కోసం హారిసన్ లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా భారతీయ వాద్యకారుల్ని పిలిపించాడు. దిల్‌రుబా, తబలా, తంబూరా, స్వరమండల్. వాటితో పాటు ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు ఉండాలని కోరాడు. చిక్కు అక్కడే. విల్లుతో వాయించే దిల్‌రుబా ఒక స్వరం మీద నుంచి మరో స్వరానికి జారుతూ వెళుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ విన్న తెలుగు శ్రోతకు తీగ మీద ఆ జారుడు ప్రాణంతో సమానమని వేరే చెప్పక్కర్లేదు. లండన్ వయొలిన్ వాద్యకారులకు మాత్రం కాగితం మీద రాసిన స్వరాన్ని ఉన్నచోట నిక్కచ్చిగా పలికించడం నేర్పారు. గమకాన్ని పాశ్చాత్య నొటేషన్‌లో పెట్టడం ఎంత కష్టమో, పెట్టాక కూడా ఎంత జారిపోతుందో మన సంగీతం నేర్చుకునేవాళ్లకు తెలుసు. మార్టిన్ దిల్‌రుబా వరుసను విని, జారుళ్లను గుర్తులతో రాసి, హారిసన్‌ను పక్కన పెట్టుకుని వాద్యకారుల చేత పలికించాడు. పాట మధ్యలో దిల్‌రుబా ఒక పలుకు పలికితే తీగ వాయిద్యాలు దానికి జవాబు చెప్పే చోటుంది. అక్కడ రెండు సంప్రదాయాలు ఒకదాన్నొకటి నిజంగా విన్నాయి. అయితే ఆ భారతీయ వాద్యకారుల పేర్లు ఎల్పీ అట్ట మీద లేవు. ఆ రోజుల్లో సెషన్ వాద్యకారులకు పేరు వేసే ఆనవాయితీ పెద్దగా లేదన్నది నిజమే గానీ, వాళ్లు లేకపోతే ఆ పాట లేదన్నదీ అంతే నిజం.

ఇంతటి పని చేసిన మనిషికి దక్కింది ఏమిటి? 1963లో బ్రిటన్ అమ్మకాల పట్టికలో 37 వారాలు మొదటి స్థానంలో ఉన్నవి మార్టిన్ రికార్డులే. అయినా ఆయన జీతగాడు. అమ్మకాల మీద ఒక్క పెన్నీ వాటా లేదు. బీటిల్స్ తొలి ఒప్పందం కూడా అలాంటిదే, రికార్డుకు ఒక పెన్నీ, దాన్ని నలుగురూ పంచుకోవాలి. 1965లో మార్టిన్ ఉద్యోగం వదిలి తోటి ప్రొడ్యూసర్లతో ఎ.ఐ.ఆర్. అనే సొంత సంస్థ పెట్టాడు. బీటిల్స్ ఆయనే కావాలన్నారు కాబట్టి, వదిలి వెళ్లిన మనిషినే కంపెనీ బయటి నుంచి పిలిపించుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ప్రొడ్యూసర్ అనేవాడు కంపెనీ గుమస్తా స్థాయి నుంచి సొంత కాళ్ల మీద నిలబడే సృజనకారుడి స్థాయికి ఎదగడంలో ఆ అడుగు చాలా పెద్దది.

కుర్రాళ్లు ఎదిగినకొద్దీ బంధం మారింది. మెకార్ట్నీ 'షీ ఈజ్ లీవింగ్ హోమ్'కు నొటేషన్ వెంటనే కావాలన్నప్పుడు మార్టిన్ మరో గాయని రికార్డింగ్‌లో ఉన్నాడు. ఒక్క రోజు ఆగకుండా మెకార్ట్నీ వేరే మనిషి చేత రాయించాడు. మార్టిన్ మనసు కష్టపడింది, అయినా ఆ నొటేషన్‌ను తానే నిలబడి వాయింపించాడు. 1968లో నలుగురూ వేర్వేరు గదుల్లో వేర్వేరు పాటలు చేసుకుంటుంటే, ఆయన పని దాదాపు పర్యవేక్షణకు పరిమితమైంది. సెప్టెంబర్‌లో సెలవు మీద వెళుతూ యువ సహాయకుడు క్రిస్ థామస్‌కు అప్పగించి వెళ్లాడు. 1969 జనవరికి లెనన్ మరీ ముందుకెళ్లి, స్టూడియో హంగులేవీ వద్దు, ఉన్నది ఉన్నట్టు రికార్డు చేస్తే చాలన్నాడు.

ఆ టేపులు ఏడాదికి పైగా మూలన పడి, 1970లో అమెరికన్ ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ చేతికి వెళ్లాయి. మెకార్ట్నీకి చెప్పకుండానే 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీద పెద్ద ఆర్కెస్ట్రా, ఆడవాళ్ల కోరస్ ఎక్కించారు. బృందాన్ని విడదీయమని కోర్టుకెక్కినప్పుడు మెకార్ట్నీ చెప్పుకున్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. మార్టిన్ విలువ కొలవాలంటే ఆ పాటను 'యెస్టర్‌డే' పక్కన పెట్టి వినాలి. రెండూ మెకార్ట్నీ గొంతు చుట్టూ తిరిగే నెమ్మది పాటలే. ఒకదాంట్లో నాలుగు తీగ వాయిద్యాలు గొంతుకు చోటు వదిలి నడుస్తాయి. రెండోదాంట్లో గొంతు ఆ హోరులోంచి దారి వెతుక్కోవాలి. స్పెక్టర్ తన పద్ధతిలో గొప్పవాడే కావచ్చు, కానీ ఆయనకు ఆ పద్ధతి ముందు, పాట తరువాత.

విడిపోయిన కోపంలో లెనన్ 1970ల మొదట్లో మార్టిన్‌ను చులకన చేసి మాట్లాడాడు. అంత గొప్పవాడైతే ఆయన సొంత సంగీతం వినిపించమనండి అన్నాడు. తరువాత మెత్తబడ్డాడు. అయితే ఆ ప్రశ్నను పక్కకు నెట్టకూడదు. నిజమే, మార్టిన్ సొంతంగా చేసిన వాద్య రికార్డులు ఎవరికీ అంతగా గుర్తులేవు. బీటిల్స్ విడిపోయాక లెనన్, మెకార్ట్నీ ఆయన లేకుండా మంచి పాటలు చేశారు. మార్టిన్ మేధావి, వాళ్లు ముడిసరుకు అనే వాదం నిలవదు. నిలిచేది మరొకటి. 1969 వేసవిలో మెకార్ట్నీ వచ్చి, మునుపటిలా మాకు ఒక ఎల్పీ చేసిపెట్టమని అడిగితే, మునుపటిలా నా మాట కూడా చెల్లాలి, అందరూ ఒప్పుకోవాలి అన్న షరతుతో మార్టిన్ సరేనన్నాడు. అప్పటికే ముక్కలైపోయిన బృందం 'అబీ రోడ్' లాంటి ఎల్పీతో ముగిసింది. 'బికాజ్'లో లెనన్, మెకార్ట్నీ, హారిసన్ ముగ్గురూ పాడిన వరుసను మూడుసార్లు ఒకదాని మీద ఒకటి వేసి తొమ్మిది గొంతులు చేశారు. స్వరాల అల్లిక మార్టిన్‌దే. అప్పటికి ఒకరి ముఖం ఒకరు చూడటమే కష్టంగా ఉన్న మనుషుల్ని ఒక మైకు చుట్టూ కూర్చోబెట్టి, ఊపిరి కలిపి పాడించాడు.

ఒక లోటును మాత్రం మార్టిన్ తరువాత తానే ఒప్పుకున్నాడు. లెనన్, మెకార్ట్నీ పాటల వరదలో హారిసన్‌ను చాలాకాలం పట్టించుకోలేదు. 'సార్జెంట్ పెప్పర్' కోసం హారిసన్ తెచ్చిన పాటనొకదాన్ని పనికిరాదని తిప్పి పంపాడు కూడా. 'అబీ రోడ్'కు వచ్చేసరికి 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్' రెండూ హారిసన్‌వే. రెండిటికీ ఆర్కెస్ట్రా రాసింది మార్టినే, అదీ ఎంత శ్రద్ధగా!

వయసు మీదపడ్డాక ఏళ్ల తరబడి స్టూడియో శబ్దాల మధ్య గడిపిన ఆయన వినికిడి బాగా తగ్గింది. కొడుకు జైల్స్ పక్కన కూర్చుని ఆయనకు చెవులయ్యాడు. తండ్రీకొడుకులు కలిసి బీటిల్స్ టేపుల్ని కొత్తగా అల్లిన 'లవ్' ఆల్బమ్ 2006లో వచ్చింది. అందులో దాదాపు అంతా పాత శబ్దమే. కొత్తగా రాసినది ఒక్కటి: హారిసన్ 1968లో ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడిన 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' నమూనా టేపుకు తీగ వాయిద్యాల వరుస. అప్పటికి హారిసన్ పోయి ఐదేళ్లు. ఎనభయ్యేళ్ల మార్టిన్ బీటిల్స్ పాటకు రాసిన చివరి నొటేషన్ అదే. అందులో తీగ వాయిద్యాలు గొంతును ముందు పాడనిచ్చి, అప్పుడు మెల్లగా వచ్చి చేరతాయి.